అరవై నాలుగు వాకిళ్ల కింద ఇసుక

రోజు 31. ఇసుక 178 డిగ్రీలు. ఉండవలసింది 178.

యావన్మంది భావి గుమాస్తాలకు తెలియజేయడమేమనగా, ఈ పుస్తకం ఇవాళ్టి నుంచి నా అధీనంలోకి వచ్చింది. నా పేరు త్రికోటి. బీఎస్సీ ఫిజిక్స్. రెంటచింతల శివారులో ఉన్న నాపరాళ్ల కాలనీకి సెగ గుమాస్తాను, మూడు నెలల ప్రొబేషన్ మీద. నాకు ముందున్నాయన ముప్పై పేజీల్లో ముప్పై అంకెలు వేసి, అదనంగా ఒక్క మాట రాయకుండా బదిలీ అయి వెళ్లిపోయాడు. అంత తెల్ల కాగితం వృథాగా పడి ఉండటం చూసి నా మనసు ద్రవించింది.

విధులు. తెల్లవారగానే గోతికి నాలుగు మూలలా, నడిమధ్యన వేర్వేరు లోతులకు దింపిన ఏడు థర్మామీటర్లు చదివి సరాసరి తీయాలి. అరవై నాలుగు ఇళ్ల వాల్వులు ఇరవై డిగ్రీల గీత దాటకుండా చూడాలి. సాయంత్రం అంకె తీసుకెళ్లి మేస్త్రికి చెప్పాలి. మేస్త్రి అంటే బాలశౌరి గారు. పూర్వాశ్రమంలో సున్నం బట్టీ నడిపిన మనిషి. ఈ గోతిని కట్టించింది ఆయనే. ప్రస్తుతం మోకాలికి కట్టుతో మూడో అంతస్తులో, వెనకవైపు గదిలో మంచం మీద ఉన్నారు.

మా తాతల కాలంలో రేడియోలో మా ఊరి పేరు వినపడిందంటే అది ఎండల వార్తే. ఆకాశానికి పరదా కట్టాక ఆ వార్త ఆగిపోయింది. భూమికి చల్లగా ఉండాలని దేశాలన్నీ కలిసి పైన ధూళి చల్లించాయి గానీ, కొలత కాస్త ఎక్కువ పడినట్టుంది. ఇవాళ పొద్దున బయట ఆరు డిగ్రీలు. వేసవి నాలుగు నెలలూ మిద్దెల మీది ప్యానెళ్లు పట్టిన ఎండనంతా కాలనీ మధ్యలోని పాత క్వారీ గోతిలో పోసిన ఇసుకలోకి దించుతాం. చలికాలంలో ఇసుకలోని గొట్టాల గుండా గాలి ఊది, ఆ వేడిగాలిని ఇళ్లకు పంపుతాం. కార్తీక పౌర్ణమి నాడు 240. అక్కడి నుంచి రోజుకు రెండు డిగ్రీలు దిగుతూ డెబ్బై అయిదో రోజుకు 90 దగ్గర ఆగాలి. అప్పటికి పుష్యం అయిపోయి చలి తగ్గుతుంది. ఇసుక 70కి పడితే గొట్టాలు దాటి ఇళ్లకు చేరేసరికి అది ఉత్త గాలి. ఇది మేస్త్రి లెక్క. మార్చడానికి వీల్లేదు.

మరొక ముఖ్య విషయం. రేపటి నుంచి ధనుర్మాసం. నిన్నటి కాలనీ సమావేశంలో నేను ప్రతిపాదించిన ముగ్గుల పోటీ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అపార్టుమెంటుకు వాకిలి ఉండదు కాబట్టి, గోతి మీద పరిచిన నాపరాళ్లను కాలనీ కట్టిన రోజే ఇంటికొక గడి చొప్పున పంచారు. ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది. అయిదో అంతస్తులో ఉన్నవాళ్లకైనా కింద ఒక వాకిలి ఉంది, దాని మీద ఇంటి నంబరు ఉంది. పదేళ్లుగా చలికి భయపడి అందరూ పొడి నేల మీదే నాలుగు గీతలు గీసి పైకి పరుగెత్తుతున్నారు. సంప్రదాయానికి జరుగుతున్న ఈ అన్యాయాన్ని సహించలేక నిబంధనలు నేనే రాశాను. మూడో నిబంధన: కల్లాపి తడిగా, నిండుగా ఉండవలెను. పొడి నేల మీద వేసిన ముగ్గు పరిశీలింపబడదు. న్యాయనిర్ణేత: నేనే.

అసలు సంగతి కూడా రాసేస్తాను, ఎలాగూ ఎవరూ చదవరు. మా అక్క సుభాషిణికి పదకొండు రోజుల క్రితం, ఏడున్నర నెలలకే కాన్పయింది. పాప ఆసుపత్రి గాజుపెట్టెలో ఉంది. అమ్మ అక్క దగ్గర ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే. ఊరికే కూర్చుంటే కాళ్లు వాటంతటవే గది కొలవడం మొదలుపెడుతున్నాయి. అందుకని ఈ పోటీలు.

రోజు 34. ఇసుక 170. ఉండవలసింది 172.

రెండు డిగ్రీలు తేడా. థర్మామీటర్లకు కూడా ధనుర్మాసం వచ్చిందని నా అభిప్రాయం. నాలుగో నంబరు థర్మామీటరును విప్పి, తుడిచి, ఊది మళ్లీ పెట్టాను. అదే మాట చెప్పింది.

పోటీ మాత్రం దివ్యంగా సాగుతోంది. కాలనీ అధ్యక్షురాలు చంద్రావతమ్మగారు ఇరవై ఒక్క చుక్కల తామర వేశారు. ఆమె అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్లు. బాల్కనీలో శాలువా కప్పుకొని కూర్చొని పైనుంచే తప్పులు చెబుతున్నారు. ఏడో నంబరు ఇన్నాసమ్మగారు క్రిస్మస్ నక్షత్రం వేసి, మధ్యలో రథం కూడా పెట్టి ఇరుపక్షాలనూ గెలుచుకున్నారు. ఒక్కటే ఫిర్యాదు. గోతి మీది రాళ్లు గోరువెచ్చగా ఉండటం వల్ల ముగ్గు చేతికి తీసుకొనేలోపే కల్లాపి ఆరిపోతోందట. న్యాయనిర్ణేత హోదాలో రెండో బిందెకు, అవసరమైతే మూడో బిందెకు అనుమతి మంజూరు చేశాను.

ఇంకొక విశేషం. మూడు రోజులుగా తెల్లవారుజామున మా కాలనీలో పొగమంచు పడుతోంది. ముగ్గులు వేసేవాళ్లు నడుము దాకా తెల్లటి మబ్బులో మునిగి, దేవకన్యల్లా కనిపిస్తున్నారు. గేటు అవతల శాంతినగర్ వాళ్లకు చుక్క మంచు లేదు. అసూయతో ఫొటోలు తీసుకొని వెళ్తున్నారు.

సాయంత్రం మేస్త్రి అంకె అడిగారు. నూట డెబ్బై రెండు అని చెప్పాను. అబద్ధం కాదు. ఉండవలసింది అదే కదా. ప్రొబేషన్‌లో ఉన్న మనిషి రెండు డిగ్రీల కోసం ఒక పెద్దాయన మోకాలి నొప్పిని పెంచకూడదు.

రోజు 37. ఇసుక 160. ఉండవలసింది 166.

పాప ఇంటికొచ్చింది. బరువు పదహారు వందల గ్రాములు. నేను కాలేజీలో మోసిన ప్రాక్టికల్ రికార్డులు ఇంతకంటే బరువు. పేరు ఇంకా పెట్టలేదు. అక్క దాన్ని నా చేతుల్లో పెట్టబోతే రెండడుగులు వెనక్కి వేశాను. గుమాస్తాలకు పెళుసు సరుకు ఇవ్వకూడదని చెప్పి తప్పించుకున్నాను.

ఆసుపత్రి వాళ్లు చెప్పిందల్లా ఒకటే. పాపకు ఇంకా ఒంట్లో కొవ్వు పట్టలేదు, తన వేడి తాను నిలుపుకోలేదు. బరువు రెండు కేజీలు దాటేదాకా గది ఇరవై ఎనిమిది డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే తాగిన పాలన్నీ ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే సరిపోతాయి, ఎదగదు. బాగా తగ్గితే, అన్నారట, మిగతాది అక్క నాకు చెప్పలేదు.

పదిహేడో నంబరు ఇంటి వాల్వు, అంటే మాది, ఇరవై ఎనిమిదికి తిప్పి ముద్ర వేశాను. వైద్య కారణాలకు నిబంధనల్లో చోటు ఉంది. కారణం కాలమ్‌లో "మేనకోడలు" అని రాసి, కొట్టేసి, "శిశువు" అని రాశాను.

ఆరు డిగ్రీల తేడా ఇప్పుడు థర్మామీటరు జోకులా కనిపించడం లేదు. మధ్యాహ్నం గోతి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశాను. మొక్కు అనుకొని ఎవరో నమస్కారం కూడా పెట్టారు. మేస్త్రికి నూట అరవై ఆరు అని చెప్పాను.

రోజు 40. ఇసుక 149. ఉండవలసింది 160.

ఎవరో వేడి దొంగిలిస్తున్నారు. ఫిజిక్స్ ప్రకారం వేరే దారి లేదు. ఇవాళ ఇంటింటా తనిఖీ చేశాను.

తొమ్మిదో నంబరులో వేడిగాలి కంత మీద జల్లెడ పెట్టి ఎండుమిరపకాయలు ఆరబెట్టారు. గదిలోకి అడుగు పెట్టి ఆరు తుమ్ములతో బయటపడ్డాను. యాభై రెండులో అట్టపెట్టెలో ఇరవై ఒక్క కోడిపిల్లలు. ముప్పై మూడులో ఒక పెద్దమనిషి కంత మీదే కుర్చీ వేసుకొని కూర్చున్నారు. లుంగీ బెలూనులా లేచి ఉంది. అదేమని అడిగితే నడుం నొప్పికి వైద్యం అన్నారు. అన్నిటినీ కాగితం మీద వేసి కూడితే రోజుకు డిగ్రీలో పదో వంతు కూడా కాలేదు. కోడిపిల్లలకు క్షమాభిక్ష ప్రసాదించాను.

గొట్టాలు చూశాను, ఫ్యాన్లు చూశాను. ప్రతి వాల్వు ముద్రా చూశాను. అన్నీ బుద్ధిగా ఉన్నాయి. ఇసుక మాత్రం రోజుకు నాలుగు డిగ్రీలకు దగ్గరగా దిగుతోంది.

ఇంటికొచ్చి పాపను దూరం నుంచి చూశాను. నిద్రలో మూతి ఒక పక్కకు లాగి, నా తనిఖీ పద్ధతి నచ్చనట్టు ముఖం పెట్టింది.

రోజు 42. ఇసుక 141. ఉండవలసింది 156.

దాచినా దాగే అంకె కాదు. గోతి పక్క బోర్డు మీద రోజూ చాక్‌పీసుతో నేనే రాయాలి, అది కూడా నిబంధనే. కాలనీ మొత్తం లెక్కలు కట్టడం మొదలుపెట్టింది. ఇదే వేగంతో పోతే అరవయ్యో రోజుకు 70. ఆ తర్వాత పదిహేను రోజులు అందరికీ ఉత్త గాలి.

సాయంత్రం సమావేశం పెట్టారు. అందరి ఇళ్లూ ఇరవై దగ్గర ఉంటే ఒక్క పదిహేడో నంబరు మాత్రం ఇరవై ఎనిమిది దగ్గర ఎందుకుందని ఎవరో వెనక వరస నుంచి అడిగారు. పాప సంగతి అందరికీ తెలుసు, పాపం అన్నవాళ్లూ ఉన్నారు. కానీ పాప వచ్చింది ముప్పై ఏడో రోజున, బోర్డు మీద అంకె అందరి కళ్లలో పడిందీ అప్పుడే. నేను లేచి నిలబడి లెక్క చెప్పాను. ఒక చిన్న ఇంటికి ఎనిమిది డిగ్రీలు ఎక్కువ ఇస్తే గోతిలో తగ్గేది రోజుకు డిగ్రీలో వందో వంతు, మహా అయితే రెండు వంతులు. లెక్క కట్టింది ఎవరని అడిగారు. నేనే అన్నాను. పాప ఎవరికి మేనకోడలని అడిగారు.

నేను లెక్కల కాగితం మడిచి కూర్చున్నాను.

చంద్రావతమ్మగారు గొంతు పెంచే మనిషి కాదు. "అబ్బాయీ, మా అత్తమ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. ఇరవైలోనే రాత్రంతా దగ్గుద్ది. రేపు గోతిలో సెగ లేకపోతే ఆవిణ్ణి నేను యాడ పెట్టుకోవాల? నీకు పాప ఎట్టాగో నాకు ఆవిడ అట్టాగ. సెగ యాడికి పోతందో నువ్వు చూపియ్యి. చూపియ్యలేకపోతే మీ ఇల్లూ అందరితో సమానమే."

నలభై ఆరో రోజు దాకా గడువు ఇచ్చారు. ఆ రోజుకు కారణం దొరక్కపోతే మా వాల్వు ఇరవైకి దించాలి. దించవలసింది గుమాస్తా. అంటే నేను.

రోజు 43. ఇసుక 137. ఉండవలసింది 154.

మేస్త్రి దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. తొమ్మిది రోజుల నుంచి నేను చెబుతున్నది ఉన్న అంకె కాదు, ఉండవలసిన అంకె అని.

ఆయన తిడతారని సిద్ధమై వెళ్లాను. తిట్టలేదు. దానివల్ల ఇంకా ఇబ్బంది అయింది. పైకప్పు వంక చూస్తూ ఒక్కొక్కటే అడిగారు. ఫ్యాన్లు? బాగున్నాయి. గొట్టాలు? బాగున్నాయి. ఏ థర్మామీటరు ఎక్కువ పడుతోంది? నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఏడూ చదివి సరాసరి తీయడమే గానీ విడివిడిగా ఎప్పుడూ పోల్చలేదు. పరుగెత్తి పుస్తకం తెచ్చి చూశాం. అడుగున ఉన్నవి సరిగానే దిగుతున్నాయి. పైన ఉన్నవే పడిపోతున్నాయి.

"పైన్నే పోతంది," అన్నారు మేస్త్రి. "రేప్పొద్దున నన్ను కిందికి దించు."

"మీ మోకాలు..."

"మోకాలు నాది. గొయ్యి కూడా నాదే."

రోజు 44. ఇసుక 133. ఉండవలసింది 152.

తెల్లవారుతుండగా నేనూ, ఇరవై రెండో నంబరు పాలాయనా కలిసి మేస్త్రిని ప్లాస్టిక్ కుర్చీతో సహా మూడంతస్తులు దించాం. పల్లకీ మోసే బోయీలకు పెన్షన్ ఇవ్వాలని ఈ సందర్భంగా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

కింద ముగ్గులు జోరుగా నడుస్తున్నాయి. అరవై నాలుగు వాకిళ్ల మీదా మంచు తేలుతోంది. సెగ గురించి భయం ఎంత ఉన్నా పోటీ ఎవరూ మానలేదు. ఇంకా పట్టుదల పెరిగినట్టే ఉంది. మేస్త్రి గేటు వంక చూశారు. గేటు అవతల రోడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. మళ్లీ మా వాకిళ్ల వంక చూశారు. చెప్పు విడిచి, అరికాలు రాయి మీద ఆనించి, కళ్లు మూసుకున్నారు. తర్వాత గాలి పీల్చారు, పెళ్లి పందిట్లో వంట వాసన పసిగట్టినట్టు.

"ఎవురన్నా ఒక చెంబు నీళ్లు తేండమ్మా."

చంద్రావతమ్మగారే తెచ్చారు. రెండు రాళ్ల మధ్య అతుకు మీద పోయమన్నారు. పోశారు. నీళ్లు నిలవలేదు. అతుకులోకి దిగిపోయాయి. కాసేపటికి లోపల ఎవరో నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు, ఆ వెనకే సన్నటి తెల్లటి పోగు పైకి లేచింది.

"ఇది మంచు కాదు," అన్నారు మేస్త్రి. "ఆవిరి. ముప్పై ఏళ్లు బట్టీ కాడ కూకుని పీల్చా నేను ఈ వాసన. వేడి రాయి మీద నీళ్లు పడితే వచ్చే వాసన."

అందరి చేతుల్లో ముగ్గు గిన్నెలు అలాగే ఉన్నాయి. తర్వాత ఆయన నెమ్మదిగా వివరించారు. రాళ్ల కింద జానెడు మందాన ఊక బూడిద పరిచి ఉంది, గోతికి దుప్పటి కప్పినట్టు. పొడిగా ఉన్నంతకాలం అది వేడిని లోపల పట్టి ఉంచుతుంది. తడిస్తే దుప్పటి కాదు, తడిగుడ్డ. పైగా కిందికి దిగిన ప్రతి చెంబూ ఇసుకలోని సెగను మోసుకొని ఆవిరై పైకి లేచిపోతుంది. ఇంటికి మూడు బిందెలు, అరవై నాలుగు ఇళ్లు, రోజూ.

నేను దేవకన్యలని రాసింది మా పాప వెచ్చదనాన్ని. అది మా కళ్ల ముందే, అందంగా, ఆకాశంలోకి పోతోంది. నేను దానికి మార్కులు వేస్తున్నాను.

"వానలకి టార్పాలిన్ కప్పుతాం గాని, పదేళ్లల్లో ఎవురూ ఈడ నీళ్లు పొయ్యలా," అన్నారు మేస్త్రి. "అందుకే వద్దని ఎక్కడా రాయలా నేను. ఇప్పుడు ఎవురు పొయ్యమన్నారు?"

ఎవరూ నా వంక చూడలేదు. అదే విచిత్రం. ఎవరి బిందె వంక వాళ్లు చూసుకున్నారు. ఊరుకుంటే ఆ పూటకు గడిచిపోయేది కూడా.

నేనే అన్నాను. మూడో నిబంధన రాసింది నేను, రెండో బిందెకూ మూడో బిందెకూ ఒప్పుకున్నది నేను, తొమ్మిది రోజులు మేస్త్రికి తప్పు అంకె చెప్పిందీ నేనే. 

మేస్త్రి కాలు చెప్పులో దూర్చి నా వంక తిరిగారు. "బీఎస్సీ ఏందిరా నువ్వు చదివింది?"

"ఫిజిక్సండి."

"మంచిది," అన్నారాయన. నా జీవితంలో ఇంత పెద్ద తిట్టు నేను తినలేదు.

రోజు 45. ఇసుక 129. ఉండవలసింది 150.

నిన్నటి నుంచి చుక్క నీళ్లు పడలేదు. అయినా దిగడం ఆగలేదు. తడిసిన బూడిద ఉన్నంతకాలం ఆగదు. రాళ్లు లేపి, తడి బూడిదంతా తోడేసి, మిల్లు నుంచి పొడి బూడిద తెచ్చి మళ్లీ పరవాలి. రెండు రోజుల పని. తెరిచిన గోతి మీద ఫ్యాన్లు తిప్పితే ఉన్న సెగ కాస్తా పోతుంది కనుక ఆ రెండు రోజులూ అరవై నాలుగు ఇళ్లకూ సరఫరా బంద్.

పెద్దలైతే దుప్పట్లు కప్పుకుంటారు. చంద్రావతమ్మగారి అత్తగారికి మూడు రగ్గులు, రెండు వేడినీళ్ల సీసాలు పెట్టారు. పాపకు రగ్గు చాలదు. రగ్గు ఒంట్లో ఉన్న వేడిని ఆపుతుంది గానీ కొత్తగా పుట్టించదు. కరెంటు హీటరు పెడదామంటే పరదా కింద చలికాలపు ఎండ దీపాలకే బొటాబొటి. నిప్పులకుంపటి పెట్టకూడదు, పొగకు ఆ ఊపిరితిత్తులు ఆగవు. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్దామంటే రెండు గంటల ప్రయాణం ఈ చలిలో ఇంకా ప్రమాదమని మా కాలనీ నర్సు మేరీకుమారి గారు అన్నారు.

ఆమే అక్కను కూర్చోబెట్టి చూపించారు. పాపకు డైపరు, టోపీ తప్ప ఏమీ ఉంచకూడదు. ఛాతీ మీద నిలువుగా, కప్పపిల్లలా, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన శాలువాతో కట్టేయాలి. మనిషి ఒళ్లు ముప్పై ఏడు డిగ్రీలు. పాప చల్లబడితే ఆ ఛాతీ ఇంకొంచెం వెచ్చబడుతుందట, పాపకు వేడెక్కువైతే తగ్గుతుందట. వాల్వు లేకుండానే. నేను మూడేళ్లు చదివిన సిలబస్‌లో ఇది లేదు.

ఒక్కటే షరతు. రెండు రోజులూ, పగలూ రాత్రీ, ఎవరో ఒకరి మీద ఉండాల్సిందే. దించకూడదు.

రోజు 46. ఇసుక 125. సరఫరా బంద్. బయట 5. మా గది 14.

రాత్రంతా అక్క మీదే ఉంది. తెల్లవారేసరికి అక్కకు పాలు గడ్డకట్టి జ్వరం. ఒళ్లు కాలిపోతోంది, వణుకు. మేరీకుమారి గారు మాత్ర వేసి, కొన్ని గంటలు పడుకోకపోతే లాభం లేదన్నారు. అమ్మకు నాలుగు రోజులుగా దగ్గు, దగ్గరికి రానివ్వలేదు. బావ మాచర్ల ప్యానెళ్ల పొలంలో ఉన్నాడు. చలికి ఈ రూటు బస్సులు ఆపేశారు, రేపటికి గానీ రాలేడు.

ముగ్గురూ నా వంక చూశారు.

కింద గోతి దగ్గర నా అవసరం ఉందన్నాను. లేపే ముందు ఒక్కో రాయికీ నంబరు వేసింది నేనే, ఏ రాయి ఎక్కడిదో నాకే తెలుసు అన్నాను. నాకు చేతులు వణుకుతాయన్నాను. ఇవన్నీ నిజాలే.

"చొక్కా తీ," అంది అక్క, పళ్లు కటకటలాడుతుండగా. "వణికితే మంచిదేలే. వేడి పుడుద్ది."

తీశాను. సబ్బుతో తోమి తుడిచారు. నా ఛాతీ మీద ఉన్న నాలుగు వెంట్రుకలను చూసి మేరీకుమారి గారు ఇబ్బందేమీ లేదని ధ్రువీకరించారు. వెనక్కి వాలిన కుర్చీలో కూర్చోబెట్టి, పాపను మీద పెట్టి, శాలువా చుట్టి ముడి వేశారు.

మొదట చల్లటి ముక్కు తగిలింది. తర్వాత పక్షి గుండెలాంటిదేదో నా పక్కటెముకల మీద టకటక కొట్టుకోవడం. చంకలో పెట్టిన చిన్న థర్మామీటరు 35.9 చూపించింది. ముప్పై ఆరున్నర ఉండాలి అన్నారు.

అయిదు నిమిషాలకు నా ఎడమ మోకాలు ఊగడం మొదలెట్టింది. పాప ఉలిక్కిపడి చేతులు చాచింది. మోకాలిని ఆపాను. మెడ దురద పెట్టింది. ఊరుకున్నాను. కింద రాళ్లు లేపుతున్న చప్పుడు, ఎవరో పదకొండో వరస అంటున్నారు. ఉన్నవి ఎనిమిది వరసలే అని అరిచి చెప్పాలనిపించింది. ఊరుకున్నాను. ఒక గంట. 36.1. రెండు గంటలు. 36.4. చెయ్యి తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. ఏదైనా తమాషా మాట అందామనుకున్నాను. మాట్లాడితే ఛాతీ కదులుతుందని తట్టింది.

మూడు గంటలు. 36.6.

పన్నెండింటికి అక్క లేచి తీసుకుంది. నేను కిందికి వెళ్లి చీకటి పడేదాకా బూడిద గంపలు మోశాను. నా ముందు వరసలో చంద్రావతమ్మగారు మోస్తున్నారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆమె వాకిలి కిందే అందరికంటే ఎక్కువ తడి ఉంది. మొదటి వారానికి ఆమెకు నేనే మొదటి బహుమతి ప్రకటించి ఉన్నాను.

రోజు 48. ఇసుక 121. ఉండవలసింది 144. బయట 5.

ఈ పేజీ కుర్చీ చేతి మీద పుస్తకం పెట్టుకొని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. పాప నా మీద ఉంది. తెల్లవారుజాము నుంచి నా వంతు. బావ వచ్చాడు గానీ రోడ్డు మీద రాత్రంతా నడిచి వచ్చిన మనిషి, స్నానం చేసి పక్క గదిలో పడిపోయాడు.

ఏడింటికి మేస్త్రి కబురు పంపారు. చివరి రాయి కూర్చుంది, అతుకులన్నిటికీ సున్నం మెత్తారు, ఫ్యాన్లు తిప్పుతున్నారు.

కాసేపటికి చంద్రావతమ్మగారు వచ్చారు. చేతుల నిండా బూడిద. ఇంటి వాల్వు గోడకు ఉన్నచోట నిలబడి దాని వంక చూశారు. నలభై ఆరో రోజు గడువు ఎప్పుడో దాటింది. కారణం దొరికింది నిజమే, కానీ గోతిలో ఇరవై మూడు డిగ్రీలు తక్కువ. ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడ్చాలి. ఆమె ఏం చేసినా నేను మాట్లాడకూడదని అనుకున్నాను. మాట్లాడే వీలు కూడా లేదు.

ఆమె శాలువా అంచు ఒక వేలితో పక్కకు తీసి పాప ముఖం చూశారు.

"నిద్రపోతందా?"

కళ్లతో అవునన్నాను.

"అందరి ఇళ్లూ పద్దెనిమిదికి దిగుతన్నాయి. డెబ్బై అయిదో రోజుకి డెబ్బై రెండు కాడ తేలతామని మేస్త్రి చెప్పాడు. అరవై మూడు సంతకాలు అయినయ్." చేతి బూడిద కొంగుకు తుడుచుకున్నారు. "అత్తమ్మ తిట్టింది నన్ను. ఎనభై ఎనిమిదేళ్లు చూసినదాన్ని, నాకూ దానికీ పోటీ పెడతావా అని."

వాల్వు మీద నా ముద్ర అలాగే ఉంది. ఆమె దాన్ని తాకలేదు. సంతకాల కాగితం నా మోకాలి మీద పెట్టి, అరవై నాలుగోది మీ ఇంటి నుంచి రావాలని చెప్పారు. మా ఇంటి హాలూ వంటిల్లూ, కంతలు సగం మూసి, మిగతావాళ్లతో పాటు పద్దెనిమిదికి దించాలట. పాప ఉన్న గది ఒక్కటీ ఇరవై ఎనిమిది. సంతకం పెట్టాను. పెన్ను ఆమే పట్టుకొని ఉన్నారు.

వెళ్లిపోతూ గుమ్మంలో, "బుద్ధి లేదు గాని అబ్బాయీ, కూకోవడం మాత్రం బాగా కూకున్నావ్," అన్నారు.

ఎనిమిదిన్నరకు కంతలోంచి మొదటి గాలి వచ్చింది. కాస్త తడి బూడిద వాసన, తర్వాత వెచ్చగా. గది పదిహేను. ఇరవై. తొమ్మిదీ ముప్పావుకు ఇరవై ఎనిమిది. పాప చంకలో 36.8. అక్క ఉయ్యాల దులిపి, దుప్పటి పరిచి, నా ముందు నిలబడి చేతులు చాచింది. ఇక దించవచ్చు, గది సరిపోయింది అంది. ఒక్క నిమిషం అన్నాను.

ఇప్పుడు పదకొండయింది. అక్క మళ్లీ అడగలేదు. కుర్చీ పక్కనే చాప మీద పడుకొని నిద్రపోయింది. పాప గుప్పిట్లో నా బొటనవేలు ఉంది. ఎలా పట్టిందో నేను చూడలేదు. గది వెచ్చగానే ఉంది.